అసిరయ్య హోటల్లో గొడుగు పాట

పాతపట్నం బస్టాండు ఎదురుగా టిఫిన్ హోటలు నడిపే అసిరయ్యకి లోకంలో ఉన్నది ఒకటే పాట. పొద్దున్న పొయ్యి వెలిగించగానే ఆ పాట మొదలయ్యేది. సాయంత్రం ఆఖరి గిన్నె కడిగి బోర్లించేదాకా అదే పాట. అయిపోగానే మళ్ళీ మొదటి నుంచీ అదే. ఆ హోటల్లో కూర్చున్నవాడికి మధ్యలో వేరే పాట వినిపించిందంటే అది పక్క కొట్లోదైనా అయివుండాలి, లేకపోతే వాడి చెవుల్లో దోషమైనా ఉండాలి.

పాట చెడ్డదేమీ కాదు. శ్రీకూర్మం పరిసరాల్లో తీసిన ఒక చిన్న సినిమాలోది. ఆ సినిమా ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో దాన్ని ఆడించినవాళ్ళకే గుర్తులేదు. ‘వంశధార ఒడ్డు కాడ ఒంటి గొడుగు పిల్లదీ’ అని మొదలవుతుంది. వాన, ఏరు, గొడుగు, గొడుగు కింద పిల్ల, ఆ గొడుగులో చోటు దొరకని పిల్లాడు. ఒకసారి వింటే ముచ్చటగా ఉంటుంది. రెండోసారి కూడా బాగానే ఉంటుంది. అసిరయ్య హోటల్లో ఇడ్లీ తిని, కాఫీ తాగి లేచేసరికి ఆ పిల్లాడు ఎన్నిసార్లు తడిసేవాడంటే, తినేవాడికి తుమ్ములు వచ్చేవి.

బోర్డు మీద ‘శ్రీ కూర్మనాథ విలాస్’ అని ఎర్ర అక్షరాలతో రాసి ఉన్నా, ఆ పేరు దేవుడికీ పెయింటరుకీ తప్ప ఇంకెవరికీ తెలీదు. జనం దాన్ని గొడుగు హోటలు అనేవారు. కండక్టర్లు కూడా “గొడుగు హోటలు కాడ దిగీవోళ్ళు ముందుకి రండమ్మా” అని పిలిచేవారు.

దోశ మాస్టరు ఎర్రన్నకి గడియారంతో పని ఉండేది కాదు. పల్లవిలో పిండి పోసేవాడు, మొదటి చరణంలో నూనె చిలకరించేవాడు, రెండో చరణంలో వాన వచ్చేసరికి దోశ ప్లేటులో ఉండేది. కరెంటు పోతే పాట ఆగిపోయేది, దోశ మాడిపోయేది. పర్లాకిమిడి నుంచి వచ్చే ఒడియా బియ్యం వ్యాపారి ఒకాయనకి తెలుగు ఒక్క ముక్క రాదు గాని, ఆ పాట మొత్తం వచ్చు. అర్థం తెలియదు కాబట్టి అది కూర్మనాథస్వామి మీద కీర్తన అనుకుని, వింటున్నంతసేపూ చెప్పులు విప్పి కూర్చునేవాడు. బస్టాండులో తిరిగే గేదె ఒకటి రెండో చరణం దగ్గర తోక ఊపేదని కూడా చెప్పుకుంటారు. నమ్మనివాళ్ళు ఎర్రన్నని అడగవచ్చు.

ఇవన్నీ వచ్చి పోయేవాళ్ళకి తమాషా. గల్లాపెట్టె దగ్గర కూర్చునే అసిరయ్య భార్య కూర్మమ్మకి మాత్రం తమాషా కాదు. ఆవిడ పూజలో హారతి ఇస్తూ గొడుగు పాట పాడేసి, తర్వాత నాలుక కరుచుకుని దేవుడికి దండం పెట్టుకున్న రోజులున్నాయి.

ఇంతకీ ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. మొదట్లో ఆ హోటల్లో అందరి పాటలూ మోగేవి. ఒకనాడు భుజాన సంచీ తగిలించుకుని, పాటలు రాసేవాళ్ళూ బాణీలు కట్టేవాళ్ళూ కలిసి పెట్టుకున్న సంఘం తరఫున హరిచరణ్ అనే కుర్ర ఆఫీసరు వైజాగు నుంచి వచ్చాడు. కాఫీ తాగి, హోటల్లో పాటలు వెయ్యడానికి లైసెన్సు ఉందా అని అడిగాడు.

“లైసెన్సేటి బాబూ? రేడియో నాది, కరెంటు బిల్లు నాది, పెన్‌డ్రైవు నాది. పాటకి కూడా లైసెన్సేటి?” అన్నాడు అసిరయ్య.

“పాట మీది కాదు కదండీ. మీ గిరాకీ కోసం వేస్తున్నారు. రాసినవాళ్ళకి వాళ్ళ వాటా వెళ్ళాలి కదా?”

“పెళ్ళిళ్ళలో ఏస్తన్నారు. ఆళ్ళనడగవేటి?”

“పెళ్ళికి అక్కర్లేదండి. చట్టంలోనే మినహాయింపు ఉంది.”

“అలగైతే ఎర్రన్నకి రోజూ ఇక్కడే పెళ్ళి సేసేస్తాను. ఎల్లిరా బాబూ.”

ఎర్రన్నకి అప్పటికే పెళ్ళయి ముగ్గురు పిల్లలు. అయినా ఆ మాటకి సిగ్గుపడి దోశ తిరగేశాడు.

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. తర్వాత రెండ్రోజులకి అసిరయ్య, గ్రైండరు కొనుక్కొస్తానని బొబ్బిలి బస్సెక్కాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో గ్రైండరు లేదు. మర్నాడు హరిచరణ్‌ని తనే పిలిపించి రుసుము కట్టేశాడు. లైసెన్సుకి ఫ్రేము కట్టించి కూర్మనాథస్వామి పటం పక్కన తగిలించి, రోజూ దానిక్కూడా అగరొత్తి తిప్పసాగాడు. కొత్తగా వచ్చినవాళ్ళు అది చదువుకున్న కొడుకు డిగ్రీ కాబోలనుకుని, అబ్బాయి ఏం చేస్తున్నాడని అడిగేవారు. ఆ రోజు నుంచే గొడుగు పాట తప్ప వేరే పాట బందు.

“దేశంలో పాటలన్నిటికీ కట్టి ఒక్కటే ఏస్తావేటి మావా?” అని కూర్మమ్మ అడిగేది.

“అది బాగున్నాది.”

“నానూ బాగున్నానని సేసుకున్నావు. అలగని రోజంతా నన్నే సూస్తన్నావేటి?”

అసిరయ్య చట్నీలో ఉప్పు చూసేవాడు.

కొన్నేళ్ళు గడిచాయి. ఇంకొన్నేళ్ళు కూడా ఇలాగే గడిచిపోయేవి గాని, బస్టాండుకి అవతలి పక్క కొత్త హోటలు ఒకటి వెలిసింది. అందులో గోడంత టీవీ పెట్టారు. టీవీలో పాట మారుతూ ఉండేది, పాటలో చీర మారుతూ ఉండేది. గొడుగు హోటల్లో పిల్లాడు మాత్రం అదే చొక్కాతో అదే వానలో తడుస్తూ ఉండేవాడు. గిరాకీ పల్చబడింది. మొదట కాలేజీ కుర్రాళ్ళు రోడ్డు దాటారు, తర్వాత టీచర్లు, ఆ తర్వాత డ్రైవర్లు. గిన్నెలు కడిగే గున్నమ్మకి మధ్యాహ్నానికే పని అయిపోయి, కునుకు తీసే తీరిక దొరికింది. ఇలాగే సాగితే దీపావళి నాటికి పొయ్యి ఆర్పెయ్యాల్సిందేనని కూర్మమ్మకి అర్థమైపోయింది.

“మావా, పాట మార్సు. నేదంటే హోటలు పోతాది,” అంది.

“టిఫిన్ బాగుంటే జనమే వస్తారు.”

“టిఫిన్ నోట్లోకి పోతాది. పాట సెవిలోకి పోతాది. సెవికి విసుగొస్తే నోరు లేసి ఎల్లిపోతాది.”

“సూద్దాం.”

ఆ ‘సూద్దాం’ అనే మాట వింటే కూర్మమ్మకి ఒళ్ళు మండేది. ముప్పై ఏళ్ళ కాపురంలో అసిరయ్య సూద్దాం అన్నది ఏదీ చూసిన పాపాన పోలేదు.

హోటలు ముందు పూలమ్మే లక్ష్మణమ్మ ఈ గోడు విని, మాల కడుతున్న చేతులు ఆపింది.

“వదినా, నానంటే ఏటనుకోకు. ఆ గొడుగు పిల్ల ఎవులో కనుక్కున్నావేటి?”

“పాటలో పిల్ల కదే.”

“పాటలో పిల్లైతే ఒకసారి ఇంటారు, రెండుసార్లు ఇంటారు. మగోడు ఏళ్ళ తరబడి ఇంటన్నాడంటే ఆ పిల్లకి ఊరూ పేరూ ఉంటాయి. అన్న ఒకసారి బొబ్బిలి ఎల్లినాడని సెప్పినావు కదా. ఊరికే అడిగినాను.”

ఊరికే అడిగిన మాట కూర్మమ్మని రెండ్రోజులు కుదురుగా ఉండనివ్వలేదు. మూడోనాడు భర్త చెయ్యి కడుక్కుంటుంటే నిలేసింది.

“ఆ గొడుగుది ఎవులు?”

అసిరయ్య తెల్లబోయాడు. “నీకేటైనా ఎర్రినా? నాను ఎరిగిన ఆడోళ్ళల్లో గొడుగున్నది నువ్వొక్కర్తివే. అది కూడా సిరుగుంది.”

ఇక మాటలతో లాభం లేదనుకుంది కూర్మమ్మ. అసిరయ్య పప్పులు కొనడానికి పర్లాకిమిడి వెళ్ళిన రోజు చూసి, ఎవరో డ్రైవరు దగ్గర కొత్త పాటల పెన్‌డ్రైవు తీసుకుని పెట్టేసింది. మొదటి పాట మోగగానే హోటలంతా తలెత్తి చూసింది. ఒడియా వ్యాపారి దేవుడు మారాడనుకుని చెప్పులు తొడుక్కున్నాడు. ఎర్రన్న చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఈ పాటలో వాన ఎప్పుడొస్తుందో తెలియక కొన్ని దోశలు పచ్చిగా తీశాడు, కొన్ని బొగ్గు చేశాడు. అయినా రోడ్డవతలి నుంచి కాలేజీ కుర్రాళ్ళు నలుగురు తిరిగొచ్చి, “ఏటత్తా, వానెలిసిందా?” అంటూ కూర్చున్నారు. కూర్మమ్మ సంతోషానికి అంతులేదు.

మధ్యాహ్నానికి పప్పుల మూటతో ఆటో దిగిన అసిరయ్య, గుమ్మంలోనే నిలబడిపోయాడు. తిట్టలేదు. మూట దించి, మెట్టు మీద కూలబడ్డాడు.

“పొద్దున్నుంచీ ఇయ్యేనా మోగుతున్నాయి?”

“ఇయ్యే.”

“అలగైతే ఈ రోజు ఆయన పస్తు.”

“ఎవులు?”

“సత్యానందం గారు.”

“ఆయనెవులు మావా?”

“పాట రాసినాయన. బొబ్బిలిలో ఉంటాడు.”

గొడుగు కింద ఆడమనిషి కోసం వెతుకుతుంటే మగమనిషి దొరికేసరికి కూర్మమ్మ కోపం కాస్తా దిగిపోయింది. పక్కనే కూర్చుంది.

“గ్రైండరు కొనడానికని ఎల్లింది ఆయన కాడికేటి?”

“లైసెన్సు బాబు వొచ్చినప్పుడు ఈ పాటే మోగుతున్నాది. డబ్బు రాసినోడికి పోతాదన్నాడు కదా. ఎవులు రాసినారన్నాను. ఫోనులో సూసి, సత్యానందం, బొబ్బిలి అన్నాడు. నాకు నమ్మకం కలగనేదు. ఆయన్నే ముఖం మీద అడిగేద్దామని బస్సెక్కినాను. ఈణలు సేసే ఈధి పక్కన సిన్న ఇల్లు. హార్మోనియాలు బాగు సేసుకుంటాడు. ఆదివారం సర్చిలో పాడిస్తాడంట. ‘అయ్యా, పాతపట్నం హోటలోణ్ణి, మీ పాట మా కాడ మోగుతాది’ అన్నాను. అంతే. ఆయన లేసి నిలబడిపోనాడు కూర్మమ్మా. నన్ను సూసి లేసి నిలబడ్డాడు.”

“నిన్ను సూసా?”

“నన్నే. లోపలికి కేకేసినాడు, ‘లీలా, మన పాట విన్నవాళ్ళు వచ్చారు’ అని. ఆవిడ తడి సేతుల్తో పరిగెట్టుకొచ్చి, సినిమా యాక్టరుని సూసినట్టు నన్ను సూస్తాది. ఆ సినిమా పోనాక ఆయన పెన్ను ముట్టనేదంట. తన పాట ఒక్కడి నోటంట కూడా ఇననేదంట. డబ్బు సంగతి అడగడానికి నాకింక నోరు రానేదు.”

“అందుకని?”

“అందుకనేటి? ఆయన రోజూ మన హోటల్లో పాడతన్నట్టే కదా. మన కాడ పని సేసినోడు ఎవుడైనా తినకుండా ఇంటికి పోనాడా? ఎర్రన్న తింటాడు, గున్నమ్మ తింటాది. ఈయనొక్కడూ పస్తుంటాడేటి? పాట ఒకసారి మోగితే ఆయనకి ఒక ఇడ్లీ పంపినట్టు అనుకున్నాను. ఇంకోడి పాట ఏస్తే ఆ ఇడ్లీ ఇంకోడికి పోతాది. పెద్దోళ్ళకి ఇడ్లీలు పెట్టీవోళ్ళు దేశమంతా ఉన్నారు.”

కూర్మమ్మ పప్పుల మూట పక్కకి జరిపింది. “ఈ మాట నాతో సెప్పకూడదేటి?”

“నీకు సెప్తే లక్ష్మణమ్మకి తెలుస్తాది. లక్ష్మణమ్మకి తెలిస్తే బస్సులోళ్ళకి తెలుస్తాది. బస్సు బొబ్బిలి పోతాది. ఎవుడో జాలిపడి పెడతన్నాడని తెలిస్తే ఆయన ముట్టడు. తన పాట తెచ్చిందనుకుంటేనే తింటాడు.”

కూర్మమ్మ లేచి వెళ్ళి కొత్త పెన్‌డ్రైవు పీకేసి పాతది పెట్టింది. కాలేజీ కుర్రాళ్ళు కాఫీలు సగంలో వదిలేసి రోడ్డు దాటేశారు. పోతే పోనీ అనుకుంది. మర్నాటి నుంచి ఒక్క పాట అయి ఇంకోసారి మొదలయ్యే మధ్య ఖాళీ ఎక్కువైతే, “ఎర్రన్నా, ఏటది, ఆయనకి ఇడ్లీ ఆలస్యమవుతాది” అని ఆవిడే తొందరపెట్టేది.

ఆ నెలలోనే హరిచరణ్ లైసెన్సు కొత్త ఏడాదికి మార్చడానికి వచ్చాడు. కూర్మమ్మ ఆయనకి నెయ్యి వేసిన పెసరట్టు పెట్టి, ఆప్యాయంగా అడిగింది.

“బాబూ, మా ఇడ్లీలు బొబ్బిలికి సరిగ్గా సేరుతున్నాయా?”

“ఏ ఇడ్లీలండి?”

అసిరయ్య గొంతు సవరించుకుని లెక్కంతా చెప్పాడు. హరిచరణ్ తినడం ఆపేశాడు. ముఖంలో నవ్వు రాబోయి, అసిరయ్యని చూసి వెనక్కి వెళ్ళిపోయింది.

“బాబాయ్ గారూ, హోటలు లైసెన్సు కరెంటు మీటరులా తిరగదండి. మీరు పాట వంద సార్లు వేసినా, అసలు వెయ్యకపోయినా ఏడాదికి ఒకటే రుసుము. ఇలాంటి చిన్న హోటళ్ళలో ఏ పాట మోగిందో కూర్చుని ఎవరు రాసుకుంటారు? అందరి సొమ్మూ ఒకచోట చేర్చి, రేడియోల్లో టీవీల్లో ఎవరి పాటలు వచ్చాయో చూసి పంచుతారు.”

“అంటే నాను ఏసినయ్యేవీ...”

“ప్రత్యేకంగా ఆయనకి వెళ్ళినట్టు కాదండి.”

గున్నమ్మ గిన్నెలు కడగడం ఆపింది. పాట మాత్రం మోగుతూనే ఉంది. పిల్లాడు తడుస్తూనే ఉన్నాడు. అసిరయ్య స్పీకరు వైపు చూశాడు. ఇన్నేళ్ళుగా ప్రేమగా పోసిన పాలు పక్కింటి పిల్లి తాగిందని తెలిసినవాడిలా ఉన్నాడు.

ఎర్రన్న మెల్లగా అన్నాడు, “అయితే మనందరం ఊరికే తడిసిపోనామేటి?”

“నోర్ముయ్,” అంది కూర్మమ్మ. తర్వాత ఆఫీసరు వైపు తిరిగింది. “బాబూ, మరి ఆయనకే సేరాలంటే దారేటీ నేదా?”

“స్టేజీ ప్రోగ్రాము పెడితే వేరండి. దానికి విడిగా లైసెన్సు. పాడిన పాటల పట్టీ మాకిస్తారు, అవి రాసినవాళ్ళకే వాటా వెళ్తుంది.”

“ఒక పాటనే రెండుసార్లు పాడితే?” అసిరయ్యలో కదలిక వచ్చింది.

“రెండుసార్లు రాసుకోవచ్చు.”

“పదిసార్లు?”

హరిచరణ్ ఆలోచించాడు. “వద్దని ఎక్కడా చదవలేదండి. అలా అడిగేవాడు వస్తాడని ఎవరూ అనుకోలేదు కాబోలు.”

హోటలు పెట్టిన రోజు పేరు చెప్పి ఒక ఆదివారం ప్రోగ్రాము పెట్టేద్దామని కూర్మమ్మ అక్కడికక్కడే తేల్చేసింది. బొబ్బిలికి పిలుపు పంపి, పర్లాకిమిడి ఆర్కెస్ట్రాని మాట్లాడారు. ఆర్కెస్ట్రా నాయకుడు కాగితం పెన్నూ తీసుకుని కూర్చున్నాడు.

“మొదటి పాట?”

“గొడుగు పాట,” అన్నాడు అసిరయ్య.

“రెండోది?”

“గొడుగు పాట.”

“మూడోది?”

“అక్కడ కొంచెం మారుద్దాం. ఆడగొంతుతో గొడుగు పాట.”

నాయకుడు పెన్ను మూసేశాడు. “గుర్తుంటుంది లెండి,” అన్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం దాటేసరికి హోటలు ముందు షామియానా కింద బస్టాండు మొత్తం చేరింది. కుర్చీలు చాలక అవతలి హోటలు నుంచి అడిగి తెచ్చారు. కుర్చీల వెనకే మనుషులు, మనుషుల వెనకే ఆ హోటలు యజమాని వచ్చేశాడు. ఖాళీ గదిలో టీవీ ఒక్కతే చీరలు మార్చుకుంటూ ఉండిపోయింది.

చర్చి ఆరాధన ముగించుకుని బొబ్బిలి నుంచి బయల్దేరిన సత్యానందం, లీలారాణి బస్సు దిగారు. సన్నగా, తెల్ల చొక్కాలో ఆయన. నల్లగొడుగు వేసుకుని ముందు ఆవిడ, ఎండలో వెనక ఆయన.

“సూడొదినా,” అంది లక్ష్మణమ్మ, కూర్మమ్మని మోచేత్తో పొడిచి. “ఊరూ పేరూ ఉంటాయన్నానా?”

“మీరేనా అమ్మా ఆ పిల్ల?” అని కూర్మమ్మ అడిగేసింది.

“నేనేనండి,” అని లీలారాణి నవ్వింది. “అప్పుడు చోటివ్వలేదని పాట కట్టారు. ఇప్పుడిస్తే మళ్ళీ ఏం కడతారోనని ఇవ్వట్లేదు.”

పాట ఎత్తుకోగానే స్టేజీ మీద గాయకుడికి పని లేకుండా పోయింది. జనమే పాడేశారు. డ్రైవర్లు పాడారు, కాలేజీ కుర్రాళ్ళు పాడారు, గున్నమ్మ పాడింది, ఒడియా వ్యాపారి కళ్ళు మూసుకుని భక్తిగా పాడాడు. ఒక్కడి నోటంట కూడా తన పాట వినలేదన్న మనిషి, కుర్చీలోంచి లేచి నలువైపులా తిరిగి చూశాడు. ఆయన పెదవులు కదిలాయి గాని, ఆ జనంలో ఆయన గొంతొక్కటే వినపడలేదు.

రెండోసారి పాడినప్పుడు ఆయన తాళం వేశారు. మూడోసారి తల ఊపారు. నాలుగోసారి గడియారం చూసుకున్నారు. అయిదోసారి పల్లవి ఎత్తుకోబోతుంటే లేచి అసిరయ్య దగ్గరికి వచ్చారు.

“అసిరయ్య గారూ, ఒక్క మాట. ఇంకెన్నిసార్లండీ?”

“మీకు సాలినన్ని సార్లు.”

“నాకు చాలిందండి.”

“మొహమాటపడకండి బాబూ.”

“మొహమాటం కాదండి. నాకే విసుగొస్తోంది. నా దగ్గర ఇంకా ఉన్నాయి పాటలు.” సంచీలోంచి కాగితాల కట్ట తీశారు. “మీరు మా ఇంటికొచ్చి వెళ్ళారు చూడండి, ఆ మర్నాడే మళ్ళీ మొదలుపెట్టాను. ఒక్కరు విన్నారంటే ఇంకొకటి రాయొచ్చు కదా అనిపించింది.”

అసిరయ్య ఆ కట్టని చూశాడు. తను పంపాననుకున్న ఇడ్లీలు ఒక్కటీ చేరలేదు. ఒక్కసారి ఎక్కిన బొబ్బిలి బస్సు మాత్రం చేరింది. కండువాతో ముఖం తుడుచుకుని, చెమటని తిట్టుకున్నాడు.

“అయితే పాట ఆపమంటారా?”

“ఆపెయ్యండి.”

“అలగెలా? మోగించడానికి లైసెన్సు తీసుకున్నాను గాని, ఆపడానికి నాకెవులిచ్చినారు?”

సత్యానందం మైకు అందుకున్నారు. చర్చిలో ప్రకటన చదివేటంత గంభీరంగా అన్నారు: “గొడుగు పాట రాసిన సత్యానందం అనే నేను, దాన్ని ఆపుకోవడానికి అసిరయ్య గారికి ఇందుమూలంగా లైసెన్సు ఇస్తున్నాను.”

ఆ రోజు పడిన చప్పట్లలో అవే పెద్దవి. అందరికంటే ఎక్కువసేపు కొట్టింది కూర్మమ్మ. సత్యానందం హార్మోనియం ముందు కూర్చుని కొత్త పాటలు ఒక్కొక్కటే ఎత్తుకుంటుంటే, పాడిన పాటల పట్టీ కోసం వచ్చిన హరిచరణ్ అందులో కొట్టివేతలు చూసి తల పట్టుకున్నాడు.

“ఆపీ లైసెన్సుకి రుసుమేటండి?” అని ప్రోగ్రాము అయ్యాక కూర్మమ్మ అడిగింది.

సత్యానందం పెనం వైపు చూశారు. “ఒక పెసరట్టు.”

“రెండు పెట్టండి. ఒకటంటారు గాని రెండు తింటారు,” అంది లీలారాణి, కుర్చీ లాక్కుంటూ. “నాకూ రెండు.”

అసిరయ్య ఎర్రన్నని ముట్టుకోనివ్వలేదు. తనే వేసి, తనే ప్లేటు తెచ్చి ఆయన ముందు పెట్టి, ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సత్యానందం సగం తిని, తలెత్తి, చట్నీ ఇంకొంచెం వెయ్యమన్నారు.